సాటి టీచర్ల బాధ వినొచ్చు.. ముందు మీ నిద్ర సంగతి చూడాలి

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. పలమనేరు దగ్గర జెడ్పీ హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్‌ని. నాలుగు నెలల కిందట మా తొమ్మిదో తరగతి పిల్లాడు ఆదివారం ఈతకెళ్లి చెరువులో మునిగి చనిపోయాడు. అప్పటినుంచి స్టాఫ్ రూములో ఎవరూ ఆ మాట ఎత్తరు. ఒక సార్ ఊరికే పిల్లల మీద అరుస్తున్నారు. ఇంకో మేడమ్ తరచూ సెలవు పెడుతున్నారు. పీర్ సపోర్ట్ అని, స్టాఫే ఒకరికొకరు తోడుగా ఉండే కార్యక్రమం పెడదామని మా హెచ్ఎం గారు అంటున్నారు. అందరూ నాతో చనువుగా ఉంటారు కాబట్టి నన్నే నడపమన్నారు. ఎవరైనా ఏడిస్తే ఏం చేయాలో నాకు తెలియదు. పైగా నాకే రోజూ తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేస్తోంది. ఆ చెరువు దారిలో వెళ్లలేక చుట్టు తిరిగి బడికి వెళ్తున్నాను. తోటి టీచర్ ఇచ్చిన నిద్రమాత్ర సగం వేసుకుంటున్నాను. ఒప్పుకోమంటారా?
– ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: టీచర్ గారూ, హెచ్ఎం గారి ఆలోచన మంచిదే. కానీ నడిపే బాధ్యత ఇప్పుడే తీసుకోవద్దు. కూర్చునేవాళ్లలో ఒకరిగా ఉండండి, చాలు.

ఎందుకంటే మీరు ఉత్తరం చివర్లో రాసిన సంగతులే నాకు ముఖ్యంగా కనిపించాయి. ఒక పిల్లాడు పోతే కొన్ని వారాలు నిద్ర పట్టకపోవడం సహజం. నాలుగు నెలలైనా మూడింటికే మెలకువ రావడం, ఆ దారిని తప్పించుకు తిరగడం మాత్రం చూపించుకోవాల్సిన లక్షణాలు. రెండు వారాలకు మించి దిగులుగా ఉన్నా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా డిప్రెషన్ ఉందేమో చూస్తాం. ఆ పిల్లాడి దృశ్యాలు పదే పదే కళ్లముందుకు వస్తున్నాయా అని కూడా అడుగుతాం. మీ వయసులో థైరాయిడ్, రక్తహీనత, నెలసరి ఆగే దశలో వచ్చే మార్పులు కూడా నిద్ర చెడగొడతాయి కాబట్టి రక్తపరీక్షలు అవసరం.

మాత్ర పేరు మీరు రాయలేదు. ఆల్ప్రాజోలం లాంటిదైతే కొన్ని వారాల్లోనే అలవాటుగా మారిపోతుంది. రోజూ వేసుకుంటున్నట్టయితే ఉన్నపళంగా ఆపకండి, డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి. ఇచ్చిన టీచర్ ప్రేమతోనే ఇచ్చి ఉంటారు. అయినా ఇలాంటి సాయం వద్దని ఆమెకూ చెప్పండి.

ఇక పీర్ సపోర్ట్ విషయం. ఇది కౌన్సెలింగ్ కాదు. ఎవరికి ఏ జబ్బో మీరు తేల్చనక్కర్లేదు. ఆపదలో ఉన్నవాళ్లకు మామూలు మనుషులు చేయగల సాయాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు పనులుగా చెబుతుంది: గమనించడం, వినడం, అవసరమైన చోటికి చేర్చడం. మనవాళ్లకు కష్టంగా ఉండేది రెండోదే. ఎదుటివాళ్లు నోరు తెరవగానే 'గట్టిగా ఉండాలమ్మా' అంటాం, లేదంటే 'మా ఇంట్లో ఇంతకన్నా పెద్ద కష్టం' అని మన కథ మొదలుపెడతాం. ఏడిస్తే ఏడవనివ్వండి. మంచినీళ్లు ఇచ్చి పక్కన కూర్చోండి. 'ఎప్పటినుంచి ఇలా ఉంది? ఇంట్లో ఎవరికైనా చెప్పారా?' అని అడిగితే చాలు. మీకు అంతకుమించిన శిక్షణ లేకపోయినా నష్టం లేదు.

అందరినీ ఒకచోట కూర్చోబెట్టి ఆ ఆదివారం ఏం జరిగిందో ఒక్కొక్కరితో చెప్పించే పని మాత్రం పెట్టుకోవద్దని హెచ్ఎం గారికి చెప్పండి. ఘోరం జరిగాక అలా బలవంతంగా నెమరువేయించడం వల్ల మేలు జరగదని తేలింది. కొందరికి బాధ పెరగొచ్చు కూడా. రావాలనుకున్నవాళ్లే రావాలి. వచ్చినా మాట్లాడకుండా కూర్చునే హక్కు ఉండాలి.

హెచ్ఎం గారు ఆ గదిలో ఉండకూడదు. ఆయన మంచివారే కావచ్చు, కానీ సెలవు మంజూరు చేసే మనిషి ముందు 'నాకు క్లాసుకు వెళ్లాలంటే భయంగా ఉంది' అని ఎవరంటారు? రిజిస్టర్ వద్దు, మినిట్స్ వద్దు, ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం అసలే వద్దు. మన బడుల్లో ఏ మంచి పని మొదలైనా రెండో వారానికి అప్‌లోడ్ చేయాల్సిన ఫొటోగా మారిపోతుంది. ఇదీ అలా అయితే మొదలుపెట్టకపోవడమే నయం.

విన్నది బయట చెప్పకూడదు. దీనికి రెండు మినహాయింపులున్నాయి. ఒకటి, ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉందనిపించినప్పుడు. రెండు, పిల్లల మీద లైంగిక వేధింపు సంగతి తెలిసినప్పుడు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం అది తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. ఈ రెండూ మొదటిరోజే అందరికీ చెప్పేయండి.

మీరు టీచర్ల గురించే రాశారు. మధ్యాహ్న భోజనం వండే అమ్మలు, ఆయా, వాచ్‌మన్ సంగతేమిటి? ఆ పిల్లాడికి రోజూ అన్నం పెట్టిన చేతులు వాళ్లవే. మీటింగులకు వాళ్లను ఎవరూ పిలవరు. వంట పని అయ్యాక వాళ్ల దగ్గరికే వెళ్లి కూర్చోండి. అరుస్తున్న ఆ సార్ కూడా గుండ్రంగా వేసిన కుర్చీల్లో మాట్లాడతారని నేననుకోను. ఆయనతో చనువున్న ఇంకో సార్ టీ కొట్టు దగ్గర కదిలిస్తే పని జరగొచ్చు. అందుకే వినేవాళ్లు కనీసం ఇద్దరుండాలి, ఒక మేడమ్, ఒక సార్. వాళ్లకూ తమ బరువు దించుకోవడానికి బయట ఒకరు కావాలి.

ఇంకో చిక్కుంది. నలుగురు కూర్చుంటే మాట యాప్‌లు, అటెండెన్సు, ఎంఈఓ ఆఫీసు మీదికి మళ్లి, చివరికి అందరూ ఇంకా విసిగిపోయి లేస్తారు. కాసేపు తిట్టుకోవడంలో తప్పులేదు. లేచే ముందు మాత్రం 'వచ్చేవారంలోగా వీటిలో మన చేతిలో ఉన్నది ఏది?' అని ఒకరు అడగాలి. సెలవు పెడుతున్న మేడమ్ పీరియడ్లు కొన్నాళ్లు సర్దడం లాంటివి హెచ్ఎం గారు చేయగలరు. పనితో పూర్తిగా అలసిపోవడాన్ని, అంటే బర్నవుట్‌ను, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో జబ్బుగా కాక, పనిచేసే చోట ఒత్తిడిని సరిదిద్దకపోవడం వల్ల వచ్చే స్థితిగా చెప్పింది. పని అలాగే ఉంచి, మీలో మీరు ఓదార్చుకోండి అంటే కుదరదు.

సాటివాళ్ల తోడు ఒంటరితనాన్ని తగ్గిస్తుంది, సాయం అవసరమైనవాళ్లు త్వరగా బయటపడేలా చేస్తుంది. డిప్రెషన్‌కు మాత్రం అది చికిత్స కాదు. ఎవరైనా 'బతకాలని లేదు' అంటే 'చనిపోవాలనిపిస్తోందా?' అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. వాళ్లను ఒంటరిగా వదలకుండా ఇంట్లోవాళ్లను పిలిపించి ఆసుపత్రికి చేర్చండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

మీ విషయానికొస్తే, పలమనేరు వైపు నుంచి చాలామంది నేరుగా బెంగళూరు నిమ్హాన్స్‌కే బయల్దేరతారు. దీనికి అంతదూరం అక్కర్లేదు. చిత్తూరు జిల్లా ఆసుపత్రిలో అడగండి, లేదంటే తిరుపతి రుయాలో మానసిక వైద్య విభాగానికి ఉదయం ఓపీకి రండి. ఊళ్లో తెలుస్తుందని జంకొద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచాల్సిందే. వచ్చేటప్పుడు వేసుకుంటున్న మాత్రల స్ట్రిప్, ఈమధ్య చేయించిన రక్తపరీక్షల కాగితాలు ఉంటే అవీ వెంట తెచ్చుకోండి.