పుస్తకాలు చదువుతున్నా నాలో మార్పు కనిపించడం లేదు.. ఏం చేయాలి?

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మనిషిగా ఎదగాలన్న పట్టుదలతో ఏడాదిగా వ్యక్తిత్వ వికాస పుస్తకాలు వరసగా చదువుతున్నాను. చదివినంతసేపూ ఉత్సాహంగా ఉంటుంది. రెండు వారాలు గడిస్తే ఏం చదివానో గుర్తుండదు. మా చుట్టూ ఉన్న మనుషులు, వాళ్ల ఇబ్బందుల గురించి కూడా నాకేమీ తెలియదని ఈమధ్య అనిపిస్తోంది. నాన్నగారు మాత్రం ‘ఇవన్నీ ఉద్యోగం వచ్చాక చూసుకోవచ్చు, ముందు మార్కుల సంగతి చూడు’ అంటున్నారు. ఇలాంటి చదువు కెరీర్‌కు పనికొస్తుందా? అసలు ఎలా చదవాలి?

జవాబు: మీరు రెండు సమస్యలను విడివిడిగా రాశారు. చదివింది నిలవడం లేదన్నది ఒకటి, చుట్టూ ఉన్నవాళ్ల గురించి తెలియదన్నది ఇంకొకటి. నాకు మాత్రం మొదటిదానికి రెండోదే కారణంగా కనిపిస్తోంది. మీకు తెలిసిన మనుషులతో, మీరు చూసిన ఇబ్బందులతో ముడిపడని చదువు కాబట్టే అది జారిపోతోంది. అందుకే నా సలహాను పుస్తకాల జాబితాతో మొదలుపెట్టడం లేదు.

ముందు ఒక ప్రయోగం సంగతి. 1988లో అచ్చయిన ఒక అధ్యయనంలో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు 64 మందితో ఒక బేస్‌బాల్ ఆట కథనం చదివించారు. ఆ పిల్లల్లో చక్కగా చదవగలిగేవారు ఉన్నారు, చదవడంలో వెనకబడినవారూ ఉన్నారు. రెండు వర్గాల్లోనూ ఆట తెలిసినవారు, తెలియనివారు ఉన్నారు. చదివాక ఆట ఎలా సాగిందో బొమ్మలు కదిపి చూపించమన్నారు, సొంత మాటల్లో చెప్పమన్నారు. చదవడంలో వెనకబడినా ఆట తెలిసిన పిల్లలు, బాగా చదవగలిగినా ఆట తెలియని పిల్లలకంటే ఎంతో మెరుగ్గా చెప్పగలిగారు. అంటే, చదువుతున్న విషయం గురించి మనకు ముందే ఎంత తెలుసన్నదాన్ని బట్టి కూడా అది మనకు అర్థమవుతుంది, గుర్తుంటుంది. చుట్టూ ఉన్న జీవితం తెలియనివారికి ఆ జీవితం గురించి రాసిన పుస్తకం కూడా పట్టుబడదు.

కాబట్టి వ్యక్తిత్వ వికాస పుస్తకాలను కొన్నాళ్లు పక్కన పెట్టండి. అవి చెడ్డవని కాదు. అందరికీ పనికొచ్చేలా రాసిన సలహా మీ జీవితంలో ఎక్కడ వాడాలో మీరే వెతుక్కోవాలి. ఆ వెతుకులాట జరగకపోతే ఉత్సాహం మాత్రమే మిగిలి, అదీ నాలుగు రోజుల్లో చల్లారిపోతుంది. దానికి బదులు ఒక ప్రశ్న పట్టుకోండి. అది మీకు తెలిసిన మనుషుల ఇబ్బందిలోంచి పుట్టాలి, మీకు నిజంగా జవాబు తెలియనిదై ఉండాలి.

ఉదాహరణకు, మీకు తెలిసిన పెద్దవాళ్లు ఫోన్‌లో బ్యాంకు పనులు చేసుకోలేక ప్రతిసారీ ఎవరో ఒకరి మీద ఆధారపడుతున్నారనుకుందాం. ‘పెద్దవాళ్లకు టెక్నాలజీ రాదు’ అని తేల్చేయడం తేలిక. ఒక గంట పక్కన కూర్చుని చూడండి. ఒకరికి అక్షరాలు కనబడవు. ఒకరు మోసపోతామన్న భయంతో బటన్ నొక్కరు. ఇంకొకరికి ఓటీపీ వచ్చి, చదివేలోపే గడువు అయిపోతుంది. ఇప్పుడు చదవడానికి వెళ్లండి. నలభై దాటాక దగ్గరి వస్తువులు మసకబారే చత్వారం గురించి చదువుతారు. ఆన్‌లైన్ మోసగాళ్లు తొందరపెట్టి, భయపెట్టి మనిషిని ఎలా లొంగదీస్తారో చదువుతారు. తెర మీది మామూలు సైజు అక్షరాలకు, వాటి వెనక రంగుకు మధ్య కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1 ఉండాలని, వెబ్‌సైట్లను అందరూ వాడగలిగేలా చేయడానికి రూపొందించిన వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణాలు చెబుతాయని తెలుసుకుంటారు. ఇదే వాక్యం ఏ పాఠ్యపుస్తకంలోనో కనబడి ఉంటే పరీక్ష మర్నాడే మరచిపోయేవారు. కళ్లు చికిలించి ఫోన్ చూసే మనిషి మీకు తెలుసు కాబట్టి ఇక మరచిపోరు.

చదువు, మనుషుల పరిచయం కలిస్తే ఎంత పని జరుగుతుందో చూపే చరిత్ర ఒకటుంది. నాకు చాలా ఇష్టమైనది. 1854 ఆగస్టు చివర లండన్‌లోని సోహో ప్రాంతంలో కలరా విరుచుకుపడింది. 600 మందికి పైగా చనిపోయారు. కలరా చెడుగాలి వల్ల వస్తుందని అప్పట్లో చాలామంది వైద్యులే నమ్మేవారు. జాన్ స్నో అనే వైద్యుడు మాత్రం అది నీటి ద్వారా వస్తుందని 1849లోనే రాశాడు. సోహోలో మరణాల జాబితా తీసుకుని ఇళ్లకు వెళ్లి, ఎవరు ఎక్కడి నీళ్లు తాగారో అడిగాడు. బ్రాడ్ స్ట్రీట్ పంపు దగ్గరికి దారి తేలింది. ఆయన మాట విని అధికారులు సెప్టెంబరు 8న ఆ పంపు హ్యాండిల్ తీసేశారు. అప్పటికే వ్యాధి తగ్గుముఖం పట్టింది కాబట్టి ఆ ఒక్క పనే కలరాను ఆపిందని చెప్పలేం.

ఈ కథలో అందరికీ స్నో తెలుసు. మీరు తెలుసుకోవాల్సిన మనిషి హెన్రీ వైట్‌హెడ్. ఆ ప్రాంతపు చర్చిలో పనిచేసే యువకుడు. అక్కడి కుటుంబాలన్నీ ఆయనకు పరిచయమే. స్నో వాదన తప్పని నమ్మాడు, తప్పని చూపడానికే ఇళ్లు తిరిగాడు. కొన్ని ఇళ్లకు మళ్లీ మళ్లీ వెళ్లాడు. అడిగేకొద్దీ లెక్కలు స్నో వైపే తిరిగాయి. చివరకు పంపు పక్కనే ఉన్న ఇంట్లో జబ్బుపడిన పసిబిడ్డ సంగతి బయటపెట్టింది ఆయనే. ఆ బిడ్డ గుడ్డలు ఉతికిన నీళ్లను తల్లి పోసిన గుంట, ఆ పంపుకు నీళ్లందించే బావికి ఆనుకునే ఉంది. స్నో దగ్గర సిద్ధాంతం ఉంది. వైట్‌హెడ్‌కు మనుషులు తెలుసు, వాళ్లు ఆయనకు మనసు విప్పి చెబుతారు. అన్నిటికంటే నేను మెచ్చేది, ఆయన తాను నమ్మినదాన్ని ఆధారాలు చూసి వదులుకున్నాడు. మీరు కోరుకునే ఎదుగుదల అంటే నాకు గుర్తొచ్చేది ఇదే.

ఇక చదివే పద్ధతి. ఒక ప్రశ్న మీద మూడు రకాల రాతలు చదవండి. ఆ విషయం ఎలా పనిచేస్తుందో వివరించేది ఒకటి. ఆ ఇబ్బంది పడినవారి అనుభవం చెప్పేది ఒకటి. మీ అభిప్రాయానికి ఎదురు వాదించేది ఒకటి. మూడోది చదవడానికి మనసు ఒప్పదు, అయినా వదలొద్దు. రోజుకు అరగంట చాలు. చదివిన పేజీల కింద గీతలు గీస్తూ పోవడం కంటే పుస్తకం మూసి, గుర్తున్నది కాగితం మీద రాయండి. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే, అదే పాఠాన్ని రెండోసారి చదివినవారే కాస్త ముందున్నారు. వారం తర్వాత అడిగితే, రెండోసారి చదవకుండా గుర్తు తెచ్చుకుని రాసినవారు సుమారు 56 శాతం చెప్పగా, మళ్లీ చదివినవారు 42 శాతం దగ్గర ఆగారు. మీ ‘రెండు వారాల’ మరపుకు ఇంతకంటే తేలికైన మందు నాకు తెలియదు. రాసిన దాని కింద ఒక్క వాక్యం చేర్చండి: ఇది నాకు తెలిసిన ఎవరి విషయంలో నిజం, ఎవరి విషయంలో కాదు?

మనుషుల దగ్గరికి వెళ్లేటప్పుడు మర్యాద ముఖ్యం. వాళ్లను ఉద్ధరించడానికి వచ్చినట్టు మాట్లాడకండి. వాళ్ల కష్టాన్ని ఫొటో తీసి సోషల్ మీడియాలో పెట్టకండి. అడిగి తెలుసుకున్నది రాసుకోవాలంటే ముందు అనుమతి తీసుకోండి. మీరు చదివి నేర్చుకున్నది తిరిగి వెళ్లి వాళ్లకు చెప్పండి. ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసి ఇవ్వడం చిన్న పనే, కానీ అప్పుడే మీ చదువు వాళ్లకు అందుతుంది.

కెరీర్ విషయానికొస్తే, ఈ చదువు మార్కులకు ప్రత్యామ్నాయం కాదు. చాలా ఉద్యోగాల్లో మొదటి వడపోత మార్కులతోనే జరుగుతుంది, ఆ మాటలో నాన్నగారు నిజమే చెప్పారు. వడపోత దాటాక ఇంటర్వ్యూలో ‘మీరు గమనించిన ఒక సమస్య గురించి చెప్పండి’ అంటే, ఎవరో రాసిన సూక్తులు గుర్తున్నవారు తడబడతారు. ఎవరి దగ్గరికి వెళ్లాను, ఏం అనుకున్నాను, ఏది తప్పని తేలింది, ఏం చేశాను అని చెప్పగలిగినవారి మాట నిలబడుతుంది. ఇంకో లాభం పరిచయాలు. 1973లో అచ్చయిన తన అధ్యయనం కోసం మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త, తెలిసినవారి ద్వారా ఉద్యోగం దొరికిన కొందరిని ఆరా తీశాడు. ఎక్కువమందికి దారి చూపింది తరచూ కలిసే ఆప్తులు కాదు, ఎప్పుడో ఒకప్పుడు కలిసే పరిచయస్తులు. మన సన్నిహితులకు తెలిసిన కబుర్లు మనకూ ముందే తెలిసి ఉంటాయి, కొత్త కబురు వేరే వలయంలోంచి రావాలి. అలాగని ఉద్యోగం కోసమే మనుషులను కలవకండి, అది ఎదుటివారికి వెంటనే తెలిసిపోతుంది. ఏ రంగం ఎంచుకోవాలో కూడా ఈ పనిలోనే బయటపడవచ్చు. ఫోన్ ఉదాహరణలోనే చూడండి: తెర ఎలా ఉండాలన్నది మిమ్మల్ని పట్టేస్తే డిజైన్, మోసాలు పట్టేస్తే చట్టం లేదా సైబర్ భద్రత, ఆ పెద్దవాళ్ల ఆరోగ్యమే పట్టేస్తే ప్రజారోగ్యం వైపు చూడండి.

నాన్నగారితో వాదన పెట్టుకోకండి. రోజుకు అరగంట చదువు, వారానికి ఒక పూట మనుషుల మధ్య, పరీక్షలకు ముందు నెల రోజులు పూర్తిగా విరామం అని ఆయనకు ముందే చెప్పండి. ఈ సెమిస్టర్ మార్కులు తగ్గితే మానేస్తానని కూడా మాట ఇవ్వండి. సెమిస్టర్ చివర ఒక పేజీ రాసి ఆయన చేతికివ్వండి: నా ప్రశ్న ఇది, మొదట ఇలా అనుకున్నాను, ఇప్పుడు ఇలా అనుకుంటున్నాను, కారణం ఇది. ఆ పేజీలో రెండో వాక్యం, మూడో వాక్యం ఒకేలా ఉంటే ప్రశ్న మార్చుకుని మళ్లీ మొదలుపెట్టండి.