మూడు గంటల్లో చూపు కోడింగ్ నేర్పాలంటే

చి. అమ్మాయికి,

ఐసీఐఎస్‌లో, అదే పసిపిల్లల మీద పరిశోధన చేసేవాళ్ల అంతర్జాతీయ సదస్సులో, ప్రీ-కాన్ఫరెన్స్ వర్క్‌షాప్ నీకు ఖాయమైందని తెలిసి సంతోషం. నువ్వు పంపిన ప్లాన్ చూశాను. హాబిచ్యుయేషన్ (ఒకటే మళ్లీ మళ్లీ చూపిస్తే పాప చూపు ఎలా తగ్గుతుందో కొలవడం), ఐ ట్రాకింగ్ (చూపుని యంత్రంతో పట్టడం), వీడియో కోడింగ్, గణాంకాలు, నాలుగూ మూడు గంటల్లో కుక్కావు. మూడు తీసెయ్. పాప తెర వైపు చూస్తోందా లేదా అని వీడియోలో గుర్తించడం, అలా గుర్తించే ఇద్దరు కోడర్ల మాట ఎంత కలిసిందో కప్పాతో (గుడ్డిగా రాసినా కలిసేంత తీసేసి చూపే అంకె) లెక్కగట్టడం, ఈ ఒక్క పనీ ఉంచు. మిగతావి చదువుకుని తెలుసుకోవచ్చు. దీనికి మాత్రం పక్కన నేర్పే మనిషి ఉండాలి.

24 మందికి మించి తీసుకోకు. బల్లకి నలుగురు చొప్పున ఆరు బల్లలు, నీతో పాటు తిరగడానికి ఇద్దరు సహాయకులు. అడక్కపోతే సినిమా హాల్లోలాగా వరస కుర్చీల గది ఇస్తారు, అందులో ఈ పని సాగదు. బల్లలు కావాలని, బల్లకో ఎక్స్‌టెన్షన్ బాక్స్ కావాలని నిర్వాహకులకి ఇవాళే రాయి.

వీడియో కోడింగ్ సాఫ్ట్‌వేర్ డేటావ్యూ అయినా ఈలాన్ అయినా ఉచితమే, ఏదో ఒకటే నేర్పు. రెండు వారాల ముందు అందరికీ మెయిల్ పెట్టు. "ఇన్‌స్టాల్ చేసుకుని రండి" అంటే సగం మంది చేసుకోరు. పది సెకన్ల టెస్ట్ క్లిప్ ఒకటి పంపి, అది సాఫ్ట్‌వేర్‌లో తెరిచిన స్క్రీన్‌షాట్ తిరిగి పంపమను. ఎవరికి కాలేదో అప్పుడే బయటపడుతుంది. ఆ టెస్ట్ క్లిప్‌లో పిల్లలెవరూ ఉండకూడదు సుమా, గోడ గడియారం చాలు. హాల్లో వైఫైని నమ్ముకోకుండా క్లిప్పులన్నీ పెన్‌డ్రైవ్‌లలో వెయ్యి.

ఫోన్‌తో తీసిన వీడియోలు వాడితే ఒక చిక్కుంది. చాలా ఫోన్లు ఫ్రేమ్ రేటు మారుస్తూ తీస్తాయి. దాంతో ఒకరి లాప్‌టాప్‌లో ఫ్రేమ్ నంబరుకీ సమయానికీ ఉన్న లెక్క ఇంకొకరి దాంట్లో కలవదు, మనుషులు తప్పు చేశారనుకుంటాం. ముందే హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో స్థిరంగా సెకనుకి 30 ఫ్రేములకి మార్చి పెట్టుకో. ఫ్రేముకి సుమారు 33 మిల్లీసెకన్లు, మన పనికి ఆ సూక్ష్మత చాలు.

20 సెకన్ల క్లిప్పులు ఆరు చాలు. ఒకటి తేలికది, మూడు మధ్యస్తం, రెండు కష్టమైనవి. కష్టమైనదంటే తల దించి కళ్లు పైకెత్తిన పాప, తెరకీ అమ్మ మొహానికీ మధ్య చూపు తిప్పే పాప, నిద్రకి రెప్పలు వాలుతున్న పాప. మనవైపు తీసిన వీడియోలైతే కాటుక సంగతి కూడా చూసుకో. వెలుతురు తక్కువైతే రెప్ప అంచూ కంటి నలుపూ కలిసిపోయి, కన్ను మూసిందో కిందికి చూసిందో తేలదు. అలాంటిది ఒక్కటి పెట్టు, చర్చకి బాగుంటుంది. అన్నిట్లో శబ్దం తీసేయాలి. మాట వినిపిస్తే అది ఏ ట్రయల్ (పాపకి ఒకటి చూపించే ఒక్కో విడత) అన్నది కోడర్ ఊహించేస్తాడు, ఆ ఊహకి తగ్గట్టే చూపూ కనిపిస్తుంది.

మొదట రూల్సు చెప్పకు. మధ్యస్తం క్లిప్ ఒకటి తెర మీద వేసి, పాప మొత్తం ఎన్ని సెకన్లు చూసిందో ఎవరికి వాళ్లు చీటీ మీద రాయమను. చీటీలన్నీ బోర్డు మీదికి ఎక్కించు. ఆ అంకెలు ఎంత చెదిరి ఉంటాయో చూశాక రూల్సు వాళ్లే అడుగుతారు. రెప్పపాటు చూపులో భాగమా? ఎన్ని ఫ్రేములు పక్కకి తిరిగితే చూపు తెగినట్టు? ట్రయల్ ముగిసిందనడానికి చాలా ల్యాబుల్లో వరసగా రెండు సెకన్లు పక్కకి చూడాలంటారు. అది ట్రయల్ ముగింపుకి, ఫ్రేమ్ కోడింగ్‌కి కాదు. కొత్తవాళ్లు ఈ రెండూ కలిపేస్తారు.

కప్పా లెక్క చేత్తో చేయించు, బటన్ నొక్కించకు. 20 సెకన్ల క్లిప్‌ని 0.2 సెకన్ల ముక్కలు చేస్తే 100 ముక్కలు. ఇద్దరూ "చూపు" అన్నవి 60, ఇద్దరూ "పక్కకి" అన్నవి 20, మాట కలవనివి ఇటు 10, అటు 10 అనుకో. 80 శాతం కలిసిందని సంబరపడతారు. ఒక్కొక్కరూ 70 ముక్కలకి "చూపు" అన్నారు కదా, గుడ్డిగా రాసినా ఎంత కలిసేదో చూడమను. 0.7ని 0.7తో గుణిస్తే 0.49. 0.3ని 0.3తో గుణిస్తే 0.09. కలిపితే 0.58. ఇప్పుడు 0.80లోంచి 0.58 తీసేస్తే 0.22, దాన్ని 1లోంచి 0.58 తీసేయగా మిగిలిన 0.42తో భాగిస్తే కప్పా 0.52. 80 శాతం కాస్తా 0.52 అయి కూర్చుంది.

అందుకే పాప క్లిప్ పొడుగునా తెరకే అతుక్కుపోయినవి ఎంచుకోకు. 98 ముక్కల్లో ఇద్దరూ "చూపు" అని, తలా ఒక్క ముక్కలో తేడా పడితే కప్పా సున్నా కిందికి జారుతుంది. ఆ వింత వివరించడానికే అరగంట పోతుంది. కనీసం మూడో వంతు సమయం పక్కకి చూసిన క్లిప్పులు తీసుకో.

లెక్క అయ్యాక, కలవని ఆ 20 ముక్కలు టైమ్‌లైన్ మీద ఎక్కడున్నాయో చూపించమను. చూపు మొదలయ్యే, తెగే చోట్ల ఒకటి రెండు ముక్కలైతే ఫ్రేమ్ ఫ్రేమ్ నిదానంగా జరపమంటే సర్దుకుంటుంది. మధ్యలో ఒకే చోట గుంపుగా పడితే మన రూల్లోనే కంత ఉన్నట్టు. ఆ రూలు తిరగరాయించి, అదే క్లిప్ కాకుండా కొత్త క్లిప్ మీద మళ్లీ కోడ్ చేయించు. పాతదే ఇస్తే జవాబు గుర్తుండి కప్పా ఊరికే పెరుగుతుంది. ఈ రెండో విడతకి 35 నిమిషాలైనా మిగలాలి, టీ పొడుగైతే ముందు పోయేది ఇదే.

ఇక అనుమతులు. పిల్లల మొహాలు మసక చేసి చూపిద్దామనుకుంటావేమో, కళ్లు మసకైతే కోడ్ చేసేదేముంది? ల్యాబులో వాడుకోవడానికి తల్లిదండ్రులిచ్చిన సంతకం వర్క్‌షాప్‌కి చెల్లదు. ఇతర పరిశోధకులకి చూపించవచ్చని, ఫైలు వాళ్ల చేతికి ఇవ్వవచ్చని విడిగా సంతకం ఉండాలి. లేని క్లిప్ ఎంత బాగున్నా పక్కన పెట్టు. తెరని ఫోన్‌తో తీయొద్దని మొదట్లోనే చెప్పు, లాప్‌టాప్‌లోకి కాపీ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే తెరవమను. పెన్‌డ్రైవ్‌ల మీద 1 నుంచి 24 దాకా నంబర్లు వేసి, పేరు రాసుకుని ఇవ్వు. ముగింపు మాటలకి ముందే, అందరూ ఇంకా కుర్చీల్లో ఉండగానే, వెనక్కి తీసుకుని లెక్క చూసుకో. చప్పట్లయ్యాక అడిగితే సగం మంది లిఫ్ట్ దగ్గరుంటారు.

ఆశీస్సులతో.