ఉప్పుగాలి ఊళ్ళలో అల్యూమినియం సైకిలు

సఖినేటిపల్లి నుంచి మలికిపురం కాలేజీకి రోజూ సైకిలు మీద వెళ్ళి రావాలనుకుంటున్నానని, షాపువాళ్ళు అల్యూమినియం ఫ్రేము తేలికని చెబుతుంటే నాన్నగారు మాత్రం ఇనుప సైకిలే గట్టిదని పట్టుబడుతున్నారని, ఎవరి మాట వినాలో చెప్పమని మీరు అడిగారు. నేను గోదావరికి అవతలి ఒడ్డున నరసాపురంలో ఉంటాను. చాలా ఏళ్ళుగా అల్యూమినియం సైకిలే తొక్కుతున్నాను, దాని మీద నాకు అభిమానం ఉన్న మాటా నిజమే. అయినా మన ప్రాంతంలో అల్యూమినియం కొనాలంటే తేలికదనాన్ని చూసి కాదు, తుప్పును చూసి కొనాలని నా అభిప్రాయం.

ముందు బరువు సంగతి చూద్దాం. మన డెల్టా నేల బల్లపరుపు. ఎక్కడానికి ఎత్తంటూ ఉంటే అది ఏ కాలువ వంతెనో, ఏటిగట్టో అయి ఉంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు బరువు కాళ్ళకు తెలుస్తుంది గాని, చదును రోడ్డు మీద ఒకసారి వేగం అందుకున్నాక మన శ్రమలో పెద్ద వాటా గాలిని తోసుకుంటూ పోవడానికే ఖర్చవుతుంది. వేసవి మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి ఎదురుగాలి కొడుతుంటే ఫ్రేములో తగ్గిన రెండు కిలోలు ఎవరికీ గుర్తుండవు. పైగా పాత తరహా సైకిలు 20 కిలోల దాకా తూగితే ఆ బరువంతా ఫ్రేముదే కాదు. ఇనుప రిమ్ములు, మడ్‌గార్డులు, చైను కవరు, క్యారియరు, డబుల్ స్టాండు కలిసి అందులో చాలా భాగాన్ని ఆక్రమిస్తాయి. తేలికదనం నాకు నిజంగా కలిసొచ్చింది రేవులో ఏరు దాటించే పంటు ఎక్కించేటప్పుడు, ఇంట్లో మేడ మెట్లు ఎక్కించేటప్పుడు మాత్రమే.

లోహాల స్వభావం కొంచెం తెలిస్తే మిగతా చర్చ సులువవుతుంది. ఘన సెంటీమీటరు అల్యూమినియం 2.7 గ్రాములు తూగితే అంతే ఉక్కు (మనం ఇనుప సైకిలనేది దీనితో చేసినదే) సుమారు 7.85 గ్రాములు తూగుతుంది. కాని వంగకుండా నిలిచే గుణం కూడా అల్యూమినియానికి ఉక్కులో దాదాపు మూడో వంతే. అందువల్ల ఉక్కు గొట్టమంత సన్నని గొట్టాన్నే అల్యూమినియంతో చేస్తే, తొక్కేటప్పుడు ఫ్రేము అటూ ఇటూ ఊగుతుంది. ఫ్రాన్సులో తయారైన వీటస్ 979 ఫ్రేములు సన్నని గొట్టాలతో అలాగే ఉండేవి. పోటీల్లో పేరు తెచ్చుకున్నా వాటిది మెత్తని స్వభావమని తొక్కినవాళ్ళు చెప్పేవారు. పలచటి గొట్టం బిగువు దాని వ్యాసపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది కనుక, గోడను పలచగా ఉంచి గొట్టాన్ని లావు చేయడమే అసలు కిటుకు. 1970లలో అమెరికాలోని ఎం.ఐ.టి.లో చదువుకున్న గ్యారీ క్లైన్ ఈ దారి పట్టాడు, 1983 నుంచి కానన్‌డేల్ సంస్థ అలాంటి లావు గొట్టాల సైకిళ్ళను అమ్మింది. అల్యూమినియం సైకిలు ఒళ్ళు హూనం చేస్తుందన్న పేరు ఈ లావు గొట్టాల వల్లే వచ్చింది. అది కొంత నిజమే అయినా, కుదుపు విషయంలో ఫ్రేము లోహం కంటే టైరు వెడల్పు, అందులో పట్టిన గాలి ఎక్కువ తేడా చేస్తాయి. గతుకుల గట్టు రోడ్డు మీద వెళ్ళే నేను వెడల్పాటి టైర్లు వేయించి, గాలి కాస్త తక్కువగా పట్టించుకుంటాను.

ఇక తుప్పు. అంతర్వేది దగ్గర గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలుస్తుంది, ఆ చుట్టుపక్కల వీచే గాలిలోనే ఉప్పుంటుంది. దానికి తోడు రొయ్యల చెరువుల్లో తిరిగే ఏరియేటర్లు ఉప్పునీటిని తుంపర్లుగా ఎగజిమ్ముతుంటాయి, ఆ చెరువు గట్ల వెంబడి తిరిగే సైకిలు మీద ఆ తడి పడుతూనే ఉంటుంది. ఉక్కు ఫ్రేము పైపైన రంగు ఉన్నంతకాలం బాగానే కనిపిస్తుంది గాని, గొట్టాల లోపలి వైపు చాలావాటికి సరైన రంగు ఉండదు. సీటు కింది చీలిక గుండా దిగిన వాననీరు పెడళ్ళ ఇరుసు ఉండే గూటికి చేరి అక్కడే నిలిచిపోతుంది. మా నాన్నగారి పాత సైకిలును వానలు వెళ్ళాక ఓవరాయిలింగుకు ఇస్తే, మెకానిక్కు ఆ ఇరుసు ఊడదీసి ఫ్రేమును ఒక పక్కకు వంచగానే గోధుమరంగు నీళ్ళు, వాటి వెంట తుప్పు పెచ్చులు బయటపడేవి. అదే గొట్టాన్ని బయట చేత్తో తడిమితే నున్నగా ఉండేది. అల్యూమినియం మీద గాలి తగలగానే పలచటి ఆక్సైడు పొర ఏర్పడి, తుప్పులా రాలిపోకుండా అంటిపెట్టుకుని కింది లోహాన్ని కాపాడుతుంది. నా ఫ్రేము ఇన్నేళ్ళూ ఈ గాలిలో నిలవడానికి కారణం అదే.

అలాగని దాని జోలికి వెళ్ళనక్కర్లేదని అనుకోకండి. ఉప్పుతడిలో ఉక్కు, అల్యూమినియం ఒకదానినొకటి ఆనుకుని ఉంటే విద్యుద్రసాయన చర్య మొదలవుతుంది, అందులో తరిగిపోయేది అల్యూమినియమే. నీళ్ళ సీసా స్టాండును పట్టి ఉంచే ఉక్కు బోల్టుల చుట్టూ చూడండి: ముందు రంగు చిన్న బొబ్బలుగా లేస్తుంది, గోటితో గీకితే కింద బియ్యప్పిండిలాంటి తెల్లటి పొడి కనిపిస్తుంది. సీటు గొట్టం లోపల ఇదే జరిగితే, పుట్టిన ఆక్సైడు ఎక్కువ చోటు ఆక్రమించి సీటు పోస్టును, అంటే సీటును మోసే కడ్డీని, కదలకుండా బిగించేస్తుంది. మా వీధిలో ఒక అబ్బాయి సైకిలుకు అలా బిగిసిన పోస్టును చివరికి రంపంతో కోసి తీయవలసి వచ్చింది. వానలకు ముందొకసారి, వానలు వెళ్ళాక ఒకసారి పోస్టును పూర్తిగా పైకి లాగి, తుడిచి, గ్రీజు రాసి దింపితే ఈ బాధ ఉండదు.

మీ నాన్నగారి మాటలో ఉన్న బలం మరమ్మతు దగ్గర తెలుస్తుంది. ఒక హద్దు దాటని ఒత్తిడి ఎన్నిసార్లు పడినా ఉక్కు దాదాపు తట్టుకుంటుంది. అల్యూమినియానికి అంత స్పష్టమైన హద్దు లేదు, ప్రతి కుదుపూ కొంచెం కొంచెంగా జమ అవుతూనే ఉంటుంది. మంచి ఫ్రేముల్లో ఆ ఒత్తిడి బాగా తక్కువగా ఉండేలా రూపకల్పన చేస్తారు కనుక మామూలు వాడకంలో భయం లేదు. కాని పగులు వచ్చిందంటే దారి కష్టం. చాలా ఫ్రేములకు వాడే 6061 అనే మిశ్రమంలో మెగ్నీషియం, సిలికాన్ ఉంటాయి. ఫ్రేమును అతికాక సుమారు 530 డిగ్రీల వేడికి తీసుకెళ్ళి, ఒక్కసారిగా చల్లార్చి, తిరిగి తక్కువ వేడిలో గంటల తరబడి ఉంచితేనే దానికి పూర్తి బలం వస్తుంది. ఆర్గాన్ వాయువుతో అల్యూమినియం అతికే పనివారు మన దగ్గర దొరికినా, ఫ్రేమంతటికీ ఈ వేడి చికిత్స చేసే ఏర్పాటు వారికి ఉండదు. నా స్నేహితుడు ఒక వర్క్‌షాపులో అలా అతికించుకున్న ఫ్రేము కొన్నాళ్ళకే అతుకు పక్కన మళ్ళీ పగిలింది. ఉక్కు ఫ్రేము విరిగితే గ్యాసు వెల్డింగు తెలిసిన మనిషి సాయంత్రానికి ఇత్తడి పోసి ఇచ్చేస్తాడు.

బరువులు మోయడంలోనూ ఉక్కుదే పైచేయి. కొబ్బరి గెలలు, దాణా బస్తా, పాల క్యాన్లు మోసే పని ఉంటే అల్యూమినియం వైపు చూడనే వద్దు. ఆ సైకిళ్ళకు బిగించే క్యారియర్లలో చాలావాటి మీద 25 కిలోలకు మించవద్దని ముద్రించే ఉంటుంది. (ఉక్కు ప్రేమికులు పొగిడే రెనాల్డ్స్ 531 వంటి 1935 నాటి మాంగనీసు-మాలిబ్డినం కలిపిన ఉక్కు గొట్టాలు వేరు, మన ఊరి షాపులో ఉండే మామూలు ఉక్కు వేరు. ఆ పొగడ్తలు చదివి ఇక్కడి సైకిలు కొంటే ఆశాభంగమే.)

పుస్తకాల సంచీ తప్ప మీరు మోసేదేమీ లేదు కనుక, మీకైతే అల్యూమినియమే తీసుకోమంటాను. షాపుకు వెళ్ళేటప్పుడు పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతం ఒకటి వెంట తీసుకెళ్ళండి. ఫ్రేముకు అతుక్కోని అయస్కాంతం ముందు ఫోర్కుకు, సీటు పోస్టుకు అతుక్కుంటే అవి ఉక్కువని తెలుస్తుంది; చౌక సైకిళ్ళలో ఇది మామూలే, వాటికి తుప్పు తప్పదు. ముందు షాక్ అబ్జార్బర్లు ఉన్నది వద్దు, వాటి లోపలికి ఉప్పుతడి చేరితే బిగుసుకుపోవచ్చు. డబ్బు చెల్లించే ముందే సీటు పోస్టును మీ ఎదుట బయటికి లాగి, గ్రీజు రాసి బిగించమనండి, సీసా స్టాండు బోల్టులకు కూడా.