సిగ్మాయిడ్‌లో ‘డైవర్టిక్యులా’: గింజలు ఇరుక్కోవడం వల్లనేనా?

మీ బాపుకు 63 ఏళ్లు, మలబద్ధకం, కొలనోస్కోపీలో (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) సిగ్మాయిడ్‌లో, అంటే పెద్దపేగు చివర్లో ఎడమవైపు ఉండే వంపులో, డైవర్టిక్యులా కనిపించాయి. అంటే పేగు గోడ బయటికి ఉబ్బి ఏర్పడే చిన్న సంచులు. సకినాల నువ్వులు, జామ గింజలు ఇరుక్కోవడం వల్లనేనా అని అడిగారు. కాదు. గింజలు మానాల్సిన పనీ లేదు.

పెద్దపేగు గోడలో లోపల మెత్తటి పొర, దాని మీద కండరం ఉంటాయి. నెత్తురు నాళాలు ఆ కండరంలోంచి దూరే చోట సన్నటి సందులు ఉంటాయి. ఇవి అందరికీ ఉండేవే. లోపల ఒత్తిడి పెరిగితే లోపొర ఆ సందులోంచి బయటికి ఉబ్బుతుంది, చిరిగిన టైరులోంచి సైకిల్ ట్యూబు బుడగ కట్టినట్టు. ఒక్కో సంచి మామూలుగా 5 నుంచి 10 మిల్లీమీటర్లు. ఏర్పడినవి మళ్లీ పోవు.

సిగ్మాయిడ్‌లోనే ఎందుకంటే, పెద్దపేగులో అదే ఇరుకు. గొట్టం ఎంత సన్నగా ఉంటే లోపల ఒత్తిడి అంత ఎక్కువ. మలం కొంచెమే, గట్టిగా ఉంటే దాన్ని తోయడానికి పేగు మరింత బిగుసుకోవాలి. వయసుతో గోడ బిరుసెక్కడం, వంశం, ఊబకాయం, పొగతాగడం కూడా తోడవుతాయి. తిండిలో పీచు తక్కువవడం ఒక్కదాని మీదే నెపం వేయలేం. తూర్పు ఆసియాలోనైతే ఈ సంచులు కుడివైపే ఎక్కువ. అక్కడ వాస్తే అపెండిక్స్ అని పొరబడటం మామూలే.

సంచులున్నంత మాత్రాన జబ్బు కాదు. వాపు వచ్చేది నూటికి ఐదుగురిలోపే. మోకాళ్ల నొప్పులకు రోజూ డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ గోళీలు వేసుకుంటుంటే మాత్రం డాక్టరుకు చెప్పండి. అవి నెత్తురు పోవడానికీ, సంచి పగలడానికీ దారితీస్తాయి. నొప్పి లేకుండా దొడ్డికి ఒక్కసారిగా నెత్తురు ఎక్కువగా పడితే మొలలనుకుని ఇంట్లో కూర్చోవద్దు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

తిండి సంగతికొస్తే, 100 గ్రాముల తెల్లబియ్యంలో పీచు సుమారు 3 గ్రాములు, జొన్నల్లో 10. ఒక పూట జొన్న రొట్టె లేదా మక్క గటక, పప్పు, ఆకుకూర పెట్టండి. రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచాలి, నీళ్లు కూడా పెరగాలి. లేకుంటే గ్యాస్, ఉబ్బరంతో మూడో రోజే వదిలేస్తారు.

పొత్తికడుపు ఎడమవైపు నొప్పి, జ్వరం కలిసి వస్తే డాక్టరును కలవాలి. వాపును తేల్చేది సీటీ స్కాన్. వాపున్నప్పుడు కొలనోస్కోపీ చేస్తే పేగుకు చిల్లు పడొచ్చు కాబట్టి సాధారణంగా 6 నుంచి 8 వారాలు ఆగుతారు. నొప్పి ఉన్న ఆ నాలుగు రోజులు రొట్టె, గటక బంద్. పలచటి గంజి, మజ్జిగ తేట చాలు.