నోట్ల కట్ట నుంచి బీమా ఫారం దాకా: బ్యాంకు ఉద్యోగుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం బ్యాంకు ఉద్యోగులవే కావడంతో, మిగిలిన వృత్తులవారి ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, ఆ ఉత్తరాలలో మూడింటిని ఇక్కడ తీసుకుంటున్నాను. నేను కూడా 1984లో గుమాస్తాగా చేరి 2021లో బ్యాంకు కొలువు నుంచే విరమించినవాడిని. కాబట్టి ఇక్కడ చెప్పేవన్నీ నేను చేసిన, చూసిన పనికి సంబంధించిన మాటలే.

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. 29 ఏళ్లుగా బ్యాంకులో క్యాష్ కౌంటర్‌లోనే పని చేస్తున్నాను. ఒకప్పుడు మధ్యాహ్నం భోజనానికి లేవడానికి కూడా తీరిక ఉండేది కాదు. ఇప్పుడు నెల మొదటి వారం దాటితే కౌంటర్ ముందు పట్టుమని పది మంది ఉండరు. రెండు నెలల క్రితం మా మేనేజర్ గారు నన్ను కౌంటర్ నుంచి తప్పించి హాల్లో కూర్చోబెట్టారు. ఖాతాదారుల ఫోన్లలో యాప్ పెట్టించడం, బీమా పాలసీల గురించి చెప్పి ఒప్పించడం ఇప్పుడు నా పని. నెలకు ఇన్ని పాలసీలు చేయించాలని లెక్క కూడా ఉంది. యాప్ గురించి నా కొడుకు వయసు పిల్లలను అడిగి తెలుసుకోవలసి రావడం చిన్నతనంగా ఉంది. అంతకంటే పెద్ద బాధ ఇంకొకటి. నా దగ్గరకు వచ్చే పెన్షన్‌దారులు నన్ను కూతురిలా చూస్తారు, నేను చూపిస్తే చదవకుండానే సంతకం పెడతారు. ఇంట్లో వాళ్లు స్వచ్ఛంద విరమణ తీసుకోమంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక సోదరి, చీరాల

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో రెండు బాధలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. ఒకటి కొత్త పని నేర్చుకోవడంలోని ఇబ్బంది, రెండోది ఆ పనిలో కొంత భాగం మీ మనసుకు తప్పుగా తోచడం. మొదటిదానికి మీరు లొంగకూడదు. రెండోదాన్ని మీరు వదులుకోకూడదు.

మొదటిదాని గురించి చెబుతాను. నేను చేరిన రోజుల్లో సేవింగ్స్ ఖాతాల వడ్డీని ఆరు నెలలకోసారి చేత్తో కట్టేవాళ్లం. ప్రతి నెలా పదో తారీఖు నుంచి నెలాఖరు వరకు ఖాతాలో ఉన్న కనీస నిల్వను ఆవర్జాలో (ఖాతాల లెక్కల పుస్తకంలో) వెతికి పట్టుకుని, దానికి వడ్డీ వేసి, మరొకరు సరిచూశాక గాని ఇంటికి వెళ్లే వీలు ఉండేది కాదు. మేము చేరిన ఏడాదే రంగరాజన్ కమిటీ బ్యాంకుల యాంత్రీకరణపై నివేదిక ఇచ్చింది. ఉద్యోగాలు పోతాయన్న భయంతో సంఘాలు ఆందోళనలు చేశాయి, చర్చలు జరిపాయి, షరతులతో ఒప్పందాలు చేసుకున్నాయి. ఆ భయం అర్థం లేనిదని నేను అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. కాని మా శాఖకు లెడ్జర్ యంత్రం వచ్చిన రోజు నాకు కళ్లకు కట్టినట్టు గుర్తుంది. మా హెడ్ గుమాస్తా గారి దస్తూరి ముత్యాల్లా ఉండేది, ఆయన రాసిన ఆవర్జాను తనిఖీకి వచ్చిన అధికారులు పక్క శాఖలకు చూపించేవారు. ఆ దస్తూరికి ఇక పని లేదని తెలిసిన సాయంత్రం ఆయన ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి వెళ్లిపోయారు.

మరుసటి వారం నుంచి ఆయనే రెండు వేళ్లతో మీటలు వెతుక్కుంటూ యంత్రం మీద పని మొదలుపెట్టారు. అంతకంటే ముఖ్యమైన పని మరొకటి చేశారు. ప్రతి సాయంత్రం యంత్రం అచ్చువేసిన కాగితాన్ని ముందు పెట్టుకుని ఒక్కొక్క వోచర్‌తో సరిచూసేవారు. యంత్రం చెప్పింది చెప్పినట్టు నమ్ముతుందని, ఖాతా నంబరులో ఒక్క అంకె తారుమారైతే రామయ్య డబ్బు సోమయ్యకు చేరుతుందని మా అందరికంటే ముందు గ్రహించింది ఆయనే. పదిహేనేళ్లుగా సంతకాలను, మొత్తాలను చూసిన కన్ను కావడం వల్ల, ఫలానా వ్యాపారి ఖాతాలో ఇంత మొత్తం ఎప్పుడూ పడదే అని ఆయనకు ఠక్కున తోచేది. ఆయన పోయిందనుకున్నది దస్తూరి. ఆయన దగ్గర మిగిలింది ఈ కన్ను. దానికి యంత్రం వచ్చాకనే విలువ పెరిగింది.

మీ దగ్గర ఉన్నది కూడా అదే. 2016లో యూపీఐ వచ్చిన తర్వాత నోట్ల పని తగ్గడం సహజం, అది తిరిగి పెరుగుతుందని నేను మీకు ఆశ పెట్టను. కాని ఇప్పుడు ‘డిజిటల్ అరెస్ట్’ పేరుతో వృద్ధులను ఫోన్‌లోనే బెదిరించి, డిపాజిట్లు రద్దు చేయించి, డబ్బు లాగుతున్న ముఠాల సంగతి మీరు వినే ఉంటారు. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. ఎప్పుడూ నింపాదిగా మాట్లాడే ఒక పెద్దాయన చెవికి ఫోన్ అంటించుకుని, ముఖం పాలిపోయి, ఉన్న డిపాజిట్ అంతా తెలియని ఖాతాకు పంపమని అడిగితే, అది ఆయన తీరు కాదని పట్టుకోగలిగేది ఆయనను ఇరవై ఏళ్లుగా చూసిన మనిషే. బ్యాంకు సిబ్బంది అనుమానించి ఆపడం వల్ల ఇలాంటి మోసాలు ఆగిన సంఘటనలు హైదరాబాద్‌లో కూడా వెలుగులోకి వచ్చాయి. ఆ పెద్దాయనను కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఫోన్ కట్టేయించి, సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫిర్యాదు చేయించగలిగిన చోటు మీరిప్పుడు కూర్చున్న హాలే. అయితే డబ్బు ఏ యాప్‌లో ఎలా కదులుతుందో తెలియకపోతే మీరు ఆపలేరు. అందుకని యాప్ నేర్చుకోండి. ముందు మీ సొంత ఖాతాకే నమోదు చేసుకుని, వంద రూపాయలు పంపి, రోజువారీ పరిమితి మార్చి, కార్డును ఆపి మళ్లీ తెరిచి చూడండి. వారం రోజులు అలా చేస్తే భయం చాలావరకు పోతుంది. పిల్లలను అడగడంలో చిన్నతనం ఏమీ లేదు. దొంగనోటును వేలి కొసతో గుర్తించడం వాళ్లకు మీరు నేర్పండి.

ఇక రెండో బాధ. అమ్మకం నా పని కాదు అని మీరు వాదిస్తే నిలవదు. స్టేట్ బ్యాంకులో గుమాస్తా పోస్టు పేరే ఇప్పుడు ‘జూనియర్ అసోసియేట్ (కస్టమర్ సపోర్ట్ అండ్ సేల్స్)’ అని ఉంటుంది, మిగిలిన బ్యాంకుల్లోనూ పని తీరు అటే జరిగింది. కాని అమ్మడం వేరు, అంటగట్టడం వేరు. ఈ తేడా నేను నష్టపోయి నేర్చుకోలేదు, ఇంకొకరికి నష్టం చేసి నేర్చుకున్నాను. ఒక మార్చి నెలాఖరున, లక్ష్యం పూర్తి కాలేదన్న ఒత్తిడిలో, పదవీ విరమణ చేసిన ఒక మాస్టారి చేత ఏటా ప్రీమియం కట్టవలసిన పాలసీ తీయించాను. అది ఒక్కసారి వేసే డిపాజిట్ అని ఆయన అనుకున్నారు, అలా అనుకుంటున్నారని తెలిసి కూడా నేను సరిచేయలేదు. రెండో ఏడు ఆయన కట్టలేకపోయారు, వేసిన డబ్బులో చాలా భాగం పోయింది. నేను వాళ్ల ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాను. ఆయన ఏమీ అనకుండా కాఫీ ఇప్పించారు. ఆ కాఫీ నాకు ఇప్పటికీ గొంతు దిగలేదు.

అందువల్ల నేను చెప్పగలిగింది ఇది. డెబ్బై ఏళ్ల మనిషి డిపాజిట్‌ను రద్దు చేయించి దీర్ఘకాలపు పాలసీలో పెట్టించే పని మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. ప్రతి ఒక్కరికీ తెలుగులో, నోటితో మూడు సంగతులు చెప్పండి: ఎన్నేళ్లు కట్టాలి, మధ్యలో ఆపితే ఎంత పోతుంది, పాలసీ చేతికి అందిన 30 రోజుల లోపు నచ్చకపోతే వెనక్కి ఇచ్చే హక్కు ఉంది అని. ఈ మూడూ విన్న తర్వాత కూడా తీసుకున్నవారు తమ ఇష్టంతోనే తీసుకున్నట్టు. ఏడాదికి 20 రూపాయలతో రెండు లక్షల ప్రమాద బీమా ఇచ్చే సురక్షా పథకం 18 నుంచి 70 ఏళ్ల వారికి ఉంది. ఏడాదికి 436 రూపాయల జీవన జ్యోతి అనే జీవిత బీమా పథకంలో 18 నుంచి 50 ఏళ్ల లోపు వారు చేరవచ్చు. మగ్గం మీద బతికే మీ ఊరి కుటుంబాలకు వీటిని చెప్పడంలో మీ మనసు ఎక్కడా తడబడదు. మేనేజర్ గారితో కూడా గొడవగా కాకుండా లెక్కగా మాట్లాడండి. నామినీ లేని ఖాతాలను సరిచేయడం, కేవైసీ గడువు దాటినవాటిని పునరుద్ధరించడం, పదేళ్లు కదలక రిజర్వ్ బ్యాంకు నిధికి వెళ్లిపోబోయే డిపాజిట్ల యజమానులను వెతకడం కూడా శాఖకు కావలసిన పనులే. వాటిలో ఒకటి పూర్తిగా నాకు అప్పగించండి, అమ్మకాల లెక్క కొంత తగ్గించండి అని అడగండి. వారు ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు కూడా మీరు అడిగిన మాట కాగితం మీద ఉండాలి.

విరమణ సంగతి చివరికి ఉంచాను. మీరు 1995 నాటి పెన్షన్ నిబంధనల కిందికి వచ్చేవారైతే పూర్తి పెన్షన్‌కు 33 ఏళ్ల సర్వీసు లెక్కిస్తారు. మీకింకా కొన్నేళ్లే తక్కువ. ఆరోగ్యం వల్లనో ఇంటి అవసరం వల్లనో వెళ్లదలిస్తే అది వేరు. ఫోన్ రాదన్న సిగ్గుతో మాత్రం వెళ్లకండి.

ప్రశ్న: నేను గ్రామీణ బ్యాంకులో అధికారిని. బ్యాంకులు విలీనమయ్యాక మా శాఖలో మూడు పాత బ్యాంకుల నుంచి వచ్చిన వాళ్లం ఉన్నాం. ప్రతి చిన్న విషయానికీ ‘మా బ్యాంకులో ఇలా కాదు’ అనే మాట వస్తోంది. డ్వాక్రా సంఘాల మహిళలు ఖాతా వివరాలు మారాయేమోనని రోజూ వచ్చి అడుగుతున్నారు. 34 ఏళ్లకే అలసిపోయినట్టుంది.
— ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: 2025 మే 1న చైతన్య గోదావరి, ఆంధ్ర ప్రగతి, సప్తగిరి బ్యాంకులూ, ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకూ కలిసి ఒకే ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. మీ ప్రాంతంలోని శాఖలకు అంతకుముందు స్టేట్ బ్యాంకు ప్రాయోజక (స్పాన్సర్) బ్యాంకుగా ఉండేది, ఇప్పుడు యూనియన్ బ్యాంకు. ప్రాయోజక బ్యాంకు మారడమంటే బోర్డు మీది పేరు మారడం ఒక్కటే కాదు, పని చేసే పద్ధతులు కూడా మారుతాయని మీకు నేను చెప్పనక్కర లేదు.

‘మా బ్యాంకు’ అనే మాటను తప్పుగా తీసుకోకండి. 1923లో బందరులో పట్టాభి సీతారామయ్య గారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న, లాక్‌డౌన్ నడుమ, వీడ్కోలు సభ కూడా జరుపుకునే వీలు లేకుండా యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. అందులో పని చేసిన నా మిత్రులు కొందరు ఇప్పటికీ పాత పేరే చెబుతారు. అది మొండితనం కాదు, మమకారం. మీ శాఖలో వారానికి ఒక సాయంత్రం అరగంట కూర్చుని, ఒక్కొక్క పనికి మూడు పాత పద్ధతులూ చెప్పుకుని, కొత్త నిబంధన ఏమిటో చూసి, ఒక నోటు పుస్తకంలో తెలుగులో రాసుకోండి. పాత పద్ధతుల్లో ఏదైనా మేలైనదని ముగ్గురికీ తోస్తే కారణం చూపిస్తూ ప్రాంతీయ కార్యాలయానికి రాయండి. మీరు మొదలుపెట్టబోయే ఆ పుస్తకం రేపు బదిలీ మీద వచ్చే కొత్తవారికి సర్క్యులర్ల కంటే బాగా పనికొస్తుంది.

మహిళా సంఘాల సంగతికి వస్తే, ఒక్కొక్కరికి విడివిడిగా జవాబు చెప్పి మీరు అలసిపోతున్నారు. గ్రామ సమాఖ్య సమావేశం రోజు తెలుసుకుని మీరే వెళ్లండి. ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్, పాస్‌బుక్, చెక్కులు అనే నాలుగింటిలో ఏది మారింది, ఏది మారలేదు అన్నది పెద్ద అక్షరాలతో రాసి సంఘ నాయకురాలి చేతికివ్వండి. వాళ్లు అడుగుతున్నది తమ పొదుపు భద్రంగా ఉందా అని. ఆ ఒక్క మాట ముందు స్పష్టంగా చెప్పి, తర్వాత మిగిలినవి చెప్పండి.

ప్రశ్న: బీటెక్ చదివి ఈ ఏడాదే బ్యాంకులో క్లర్కుగా చేరాను. కృత్రిమ మేధ వచ్చాక కౌంటర్ ఉద్యోగాలు ఉండవని స్నేహితులు భయపెడుతున్నారు. ఇప్పుడే సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లిపోవాలా?
— ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: బాబూ, భయంతో ఒక ఉద్యోగం విడిచి మరొకదానికి వెళితే అక్కడా అదే భయం ఎదురవుతుంది, ఎందుకంటే మీ స్నేహితులు చెబుతున్న మార్పు సాఫ్ట్‌వేర్‌లో మరింత వేగంగా ఉంది. డబ్బు తీసుకోవడం, ఇవ్వడం, పాస్‌బుక్ అచ్చువేయడం ఇప్పటికే యంత్రాల చేతికి వెళ్లాయి కాబట్టి వాటినే నమ్ముకోకండి. బ్యాంకు ఉద్యోగులు రాసే వృత్తి పరీక్షలు రెండున్నాయి. ఈ ఏడాది జేఏఐఐబీ, ఆ తర్వాత సీఏఐఐబీ పూర్తి చేయండి. వాటికి ఇంక్రిమెంట్లు ఉన్నాయి, ప్రమోషన్‌కూ పనికొస్తాయి. వీలు చూసుకుని రుణాల విభాగంలో వేయమని అడగండి. ఒక కిరాణా వ్యాపారి జీఎస్టీ రిటర్నులు ఒకటి చెబుతూ ఉంటే, దుకాణంలోని సరుకు ఇంకొకటి చెబుతుంది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఈ మనిషికి అప్పు ఇవ్వవచ్చా అని తేల్చడం నేర్చుకోవడానికి నాకు ఆరేళ్లు పట్టింది, మీకు ఇప్పుడున్న సాధనాలతో మూడేళ్లు చాలు.

అప్పటివరకు మీ శాఖలో పాత క్యాషియర్ ఎవరైనా ఉంటే, రోజూ పావుగంట ఆమె పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. యాప్ గురించి ఆమె అడిగితే విసుగు లేకుండా చెప్పండి, వచ్చే ఖాతాదారులలో ఎవరు ఎవరో ఆమెను అడిగి తెలుసుకోండి.