వివాదాస్పదమైన ఫోర్క్‌ను మైనర్ల ఓటుకు వదిలేయవచ్చా?

ఒక బ్లాక్‌చెయిన్‌ను (నాణేల లావాదేవీలను బ్లాకుల వరుసగా దాచే ఉమ్మడి లెక్కల పుస్తకాన్ని) వాడేవాళ్లు రెండు వర్గాలుగా విడిపోయి, ఫోర్క్ చేయాలా (నియమాలు మార్చి కొత్త దారి పట్టాలా) వద్దా అనే తగాదా తెగనప్పుడు ఆ నిర్ణయాన్ని మైనర్ల, అంటే కంప్యూటర్లతో కొత్త బ్లాకులు కట్టి ప్రతిఫలంగా నాణేలు పొందేవాళ్ల, ఓటుకు వదిలేయవచ్చా అని అడిగారు. వదిలేయకూడదన్నది నా సమాధానం. మైనర్లంటే చిన్నచూపు ఉండి ఈ మాట అనడం లేదు. 2016లో నేనూ మైనర్‌నే, అలాంటి ఓటు నా చేతికీ వచ్చింది, వేశాను కూడా. దాన్ని వేసేవాడి బుర్రలో ఆ క్షణాన ఏం తిరుగుతుందో దగ్గరి నుంచి చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఆ ఏడాది ఏప్రిల్ 30న ఇథీరియం అనే బ్లాక్‌చెయిన్ మీద 'ద డావో' అనే ఉమ్మడి పెట్టుబడి నిధి మొదలై, నెల తిరిగేసరికి అప్పటి ధరల్లో సుమారు 15 కోట్ల డాలర్ల విలువైన ఈథర్‌ను (ఇథీరియం నాణేన్ని) పోగుచేసింది. జూన్ 17న దాని కోడ్‌లోని లోపాన్ని పట్టుకున్న ఒక అజ్ఞాత వ్యక్తి, నిల్వ తగ్గినట్టు నమోదయ్యేలోపే మళ్లీ మళ్లీ సొమ్ము తీసుకునే ఉపాయంతో దాదాపు 36 లక్షల ఈథర్‌ను పక్కకు మళ్లించాడు. అయితే ఆ కోడ్‌లోని నియమాల ప్రకారం అది దాదాపు నాలుగు వారాల దాకా అతని చేతికి అందదు. తగాదా అంతా ఆ నాలుగు వారాల్లోనే నడిచింది. ఖాతాల లెక్క సవరించి సొమ్ము వెనక్కి ఇప్పించాలని ఒక వర్గం, కోడ్ ఎలా రాసి ఉంటే అలాగే జరగాలి తప్ప మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టకూడదని మరో వర్గం. మొదట సాఫ్ట్ ఫోర్క్ అన్నారు, అంటే ఉన్న నియమాలను బిగించి ఆ సొమ్ము కదలకుండా ఆపడం. మైనర్లు తమ బ్లాకుల గ్యాస్ లిమిట్‌ను (ఒక బ్లాకులో పట్టే పని పరిమితిని) తగ్గించుకుంటూ పోతే దాన్ని సమ్మతిగా లెక్కిస్తామన్నారు. జూన్ నెలాఖరులో అందులోనే ఒక భద్రతాలోపం బయటపడడంతో ఆ ఆలోచన మూలపడి, ఇక పాత నియమాలతో పొసగని, చెయిన్‌నే రెండుగా చీల్చగల హార్డ్ ఫోర్క్ ఒక్కటే మిగిలింది.

అప్పట్లో కూకట్‌పల్లిలో మా అద్దె ఇంటి వెనక గదిలో, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్న నాలుగు ఏఎండీ గ్రాఫిక్స్ కార్డులు ఇనుప చట్రానికి వేలాడుతూ రాత్రింబవళ్లు పనిచేస్తుండేవి. వాటికి ఎదురుగా ఒక టేబుల్ ఫ్యాను, కిటికీకి ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను ఉండేవి. ఆ గదిలో తడి బట్టలు గంటలో ఆరిపోతాయని కనిపెట్టిన మా ఆవిడ వానాకాలం మొత్తం దండెం అక్కడే కట్టింది. మా మైనింగ్ వల్ల ఇంటికి జరిగిన నిఖార్సైన మేలు అదొక్కటేనని ఇప్పటికీ అంటుంది. కరెంటు శ్లాబు మారి బిల్లు తడిసి మోపెడైన సంగతి, మైనింగ్‌కు వాడారని వాసన పట్టగానే వారంటీ లేదు పొమ్మన్న దుకాణదారు సంగతి ఎత్తితే ఈ సమాధానం ఎటో పోతుంది కాబట్టి వదిలేస్తున్నాను.

మా బావగారు మైనింగ్ జోలికి రాలేదు. జీతంలో మిగిలిన దానితో ఈథర్ కొని, అందులో సగం డావోలో పెట్టారు. జులైలో నేను చేరిన పూల్ (మైనర్లు కలిసి పనిచేసి రాబడి పంచుకునే గుంపు) హార్డ్ ఫోర్క్ మీద ఓటింగ్ తెరిచింది. నా కార్డుల హ్యాష్‌రేట్ (లెక్కలు చేసే వేగం) ఎంతో నా ఓటు బరువు అంత. ఆదివారం భోజనాలయ్యాక బావగారు ఆ గదిలోకి వచ్చి, స్టూలు మీద కూర్చుని, కాసేపు ఆ ఫ్యాన్ల హోరు విని, "డబ్బు పోయిందేమో నాది, ఓటేమో నీ ఫ్యాన్లకా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ, నా దగ్గర జవాబు లేదు.

అంతలో మేడ మీద గదిలో ఉండే ఇంజనీరింగ్ కుర్రాడు దిగి వచ్చాడు. అతనిదీ అదే పూల్, నాకంటే రెండు కార్డులు ఎక్కువ. డావోలో అతనికి పైసా లేదు. వచ్చిన ఈథర్‌ను వారం వారం అమ్మేసుకునేవాడు. "అన్నా, ఏది గెలిస్తే రేటు పెరుగుతుంది?" అన్నది ఒక్కటే అతని ప్రశ్న. జూన్ మధ్యలో 20 డాలర్ల దగ్గరున్న ఈథర్ అప్పటికి 12 డాలర్ల దరిదాపుల్లో పడి ఉంది మరి. బావగారు తన నష్టాన్ని పక్కన పెట్టి, లెడ్జర్‌ను ఒకసారి సవరిస్తే రేపు ఇంకెవరి కోసమైనా సవరించమంటారన్న అవతలి వర్గం వాదనను కూడా ఎంతో నిజాయితీగా అతనికి వివరించారు. అంతా ఓపికగా విని, "అయితే అవునని కొడితే రేటు పెరుగుతుందంటారు, అంతేగా అంకుల్" అంటూ ఆ కుర్రాడు ఫోన్‌లో నొక్కేశాడు. నేనూ అవుననే వేశాను, బావగారి ముఖం చూసి. ఆ గదిలో ఉన్న ముగ్గురిలో నష్టపోయిన మనిషికి ఓటే లేదు. ఏమీ పోనివాడిది అందరికంటే పెద్ద ఓటు.

జులై 20న 19,20,000వ బ్లాకు దగ్గర హార్డ్ ఫోర్క్ జరిగింది, మైనర్లలో అత్యధికులు కొత్త చెయిన్‌కు వెళ్లారు, డావో టోకెన్లు ఉన్నవాళ్లకు వందకు ఒక ఈథర్ చొప్పున వెనక్కి వచ్చింది. పాత చెయిన్ చచ్చిపోతుందనుకున్నారు గానీ, నాలుగు రోజులు గడిచాయో లేదో పొలోనియెక్స్ ఎక్స్చేంజీ దాన్ని ఇథీరియం క్లాసిక్ పేరుతో అమ్మకానికి పెట్టింది. మైనర్లు వెళ్లిపోవడంతో అక్కడ డిఫికల్టీ (బ్లాకు కట్టడంలోని కష్టం) పడిపోయి ఉంది, పైగా ధర ఎగబాకుతోంది. మేడ మీది కుర్రాడి కార్డులు రాత్రికి రాత్రే అటు తిరిగాయి, లాభం తగ్గగానే మళ్లీ ఇటు వచ్చాయి. ఫోర్క్ కావాలని ఓటు వేసి, దాన్ని కాదన్న చెయిన్‌లో మైనింగ్ ఏమిటని అడిగితే "ఓటు వేసినందుకు డబ్బులు రావు కదన్నా" అన్నాడు. అతన్ని నేను తప్పుపట్టలేదు, ఇప్పటికీ పట్టను. వరికోతలకు ఎక్కడి నుంచో వచ్చే హార్వెస్టర్ యజమాని గంటకు ఇంత అని తీసుకుని పక్క ఊరికి పోతాడు. మన ఊళ్లో వచ్చే ఏడు ఏ పంట వేయాలో అతన్ని ఓటు అడగడంలోనే ఉంది తప్పు.

ఇదేదో మా ఇంటి కథ అనుకునేవారు బిట్‌కాయిన్ సంగతి చూడండి. 2017 మే నెలలో న్యూయార్క్ ఒప్పందం పేరుతో 58 కంపెనీలు బ్లాకుల పరిమాణం పెంచే సెగ్‌విట్‌2ఎక్స్ అనే ఫోర్క్‌కు సంతకం చేసినప్పుడు, నెట్‌వర్క్ హ్యాష్‌రేట్‌లో 83 శాతం తమ వెనక ఉందని ప్రకటించుకున్నాయి. మైనర్లు నెలల తరబడి తమ బ్లాకుల్లో మద్దతు గుర్తు వేస్తూనే ఉన్నారు. అయినా నోడ్లు (లావాదేవీలను, బ్లాకులను తనిఖీ చేసే కంప్యూటర్లు) నడిపేవాళ్లు ససేమిరా అన్నారు, రాబోయే ధర మీద ముందే బేరాలు సాగే ఫ్యూచర్స్ బజారులో ఆ కొత్త నాణేన్ని ఎవరూ పెద్దగా ఖాతరు చేయలేదు, చివరికి నవంబర్ 8న ఫోర్క్‌ను రద్దు చేసుకున్నారు. ఆ వారాంతంలోనే, బిట్‌కాయిన్ నుంచి అంతకుముందే విడిపోయిన బిట్‌కాయిన్ క్యాష్ ధర ఎగిసింది. బిట్‌కాయిన్ హ్యాష్‌రేట్‌లో పెద్ద భాగం అటు ఉరికింది, ఇక్కడ బ్లాకులు నత్తనడక నడిచాయి.

మైనర్ల ఓటును సమర్థించేవారు తప్పకుండా బిట్‌కాయిన్ సృష్టికర్త సతోషీ నకమోటో 2008 నాటి పత్రాన్ని తెచ్చి, 'ఒక సీపీయూకు ఒక ఓటు' అన్న మాట చూపిస్తారు. అవసరమైన నియమాలను కూడా ఈ పద్ధతిలోనే అమలు చేయవచ్చన్న ఆఖరి వాక్యాన్నీ చూపిస్తారు. అక్కడ రాసింది నిజమే. కానీ ఆ నాటి ఊహలో మైనింగ్ చేసేవాడు, నోడ్ నడిపేవాడు, నాణెం దాచుకునేవాడు ఒక్కడే. పూళ్లు వచ్చాక వాళ్లు ముగ్గురయ్యారు. కార్డులు తిప్పేవాడు బ్లాకులో ఏముందో చూడను కూడా చూడడు; పూల్ పంపిన పని చేసి పెడతాడు. చాలా పూళ్లు మా పూల్‌లా అడగను కూడా అడగవు, నిర్వాహకుడి ఇష్టమే వేలమంది ఓటుగా చలామణీ అవుతుంది. 2015 జులై 4న బిట్‌కాయిన్‌లో లావాదేవీల సంతకాల రూపాన్ని కట్టుదిట్టం చేసే బిప్ 66 నియమం అమల్లోకి వచ్చినప్పుడు ఏమైంది? 95 శాతం బ్లాకులు సమ్మతి తెలిపాయి. తీరా చూస్తే పెద్ద పూళ్లు కొన్ని ముందు బ్లాకును తనిఖీ చేయకుండానే దాని మీద తరువాతి బ్లాకు కడుతున్నాయి, ఆ నియమానికే విరుద్ధమైన బ్లాకు మీద మరో అయిదు కట్టేశాయి. నియమం మీద వివాదమే లేనప్పటి మాట ఇది!

మైనర్ల ఓటు పోతే నాణేలు ఉన్నవాళ్ల ఓటు పెడతామంటారు కొందరు. అదీ నాకు అంత రుచించదు; డావో సమయంలో కార్బన్‌వోట్ అనే నాణేల ఓటింగ్ సైటులో 80 శాతానికి పైగా ఫోర్క్ వైపే మొగ్గినా, పాల్గొన్నది మొత్తం ఈథర్‌లో పదోవంతు కూడా కాదు. అయినా దానిలో ఓటు వేసినవాడికి నిర్ణయం బెడిసికొడితే చేతిలోని సొమ్ము విలువ కరుగుతుంది. కార్డులవాడికి అలాంటిదేమీ లేదు, సాఫ్ట్‌వేర్‌లో ఒక లైను మార్చుకుంటే సరి.

మీరు అడిగింది ఏదైనా చిన్న నాణెం గురించి అయితే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. నైస్‌హ్యాష్ లాంటి చోట్ల హ్యాష్‌రేట్ అద్దెకు దొరుకుతుంది కాబట్టి, ఓటింగ్ జరిగే కొద్ది రోజులకు ఎవరైనా డబ్బు పోసి మెజారిటీ తెచ్చుకోగలరు. మైనర్ల నుంచి సంకేతం తప్పకుండా తీసుకోండి, కానీ కొత్త వెర్షన్ ఎక్కించుకుని సిద్ధంగా ఉన్నారా అన్నంత వరకే అడగండి. ఫోర్క్ కావాలా వద్దా అన్నది నోడ్లు నడిపేవాళ్లు, ఆ నాణేన్ని సరుకుకు బదులు తీసుకునేవాళ్లు, దాచుకున్నవాళ్లు ముందే తేల్చుకోవాలి. వాళ్లలో తేలకపోతే రెండు చెయిన్లుగా విడిపోయి, రెంటికీ వేరు వేరు పేర్లు పెట్టుకుని, పాత లావాదేవీ రెండో వైపు మళ్లీ చెల్లకుండా రీప్లే రక్షణ మొదటి రోజు నుంచే పెట్టుకోవాలి. 2016లో అది లేక ఎక్స్చేంజీలు ఎంత గందరగోళపడ్డాయో ఇప్పుడు చాలామందికి గుర్తు లేదు.