పిట్ట తొలిచిన పనస చెట్టు కొట్టేయొచ్చా?

ప్రశ్న: తిత్లీ తుపానుకి మా పనస చెట్టు సగం విరిగి, ఒక వైపు ఎండిపోయింది. ఆ ఎండిన మానుకి వడ్రంగి పిట్ట తొర్ర చేసింది. పిట్ట వల్లే చెట్టు పోతోంది, కలపకి అమ్మేద్దాం అంటున్నాడు అన్నయ్య. అమెరికాలో వడ్రంగి పిట్టలకి మనుషులే గూళ్లు చేసిస్తారట, నిజమేనా?
– ఒక పాఠకురాలు, కవిటి మండలం

జవాబు: నిజమే. కానీ ముందు మీ చెట్టు సంగతి. ఆ మానుని ఎండబెట్టింది తుపాను, పిట్ట కాదు. ఎండి మెత్తబడిన చోటే అది తొలుస్తుంది, చెక్కలోని పురుగుల్ని, చీమల్ని ఏరుకు తింటుంది. ఎర్ర జుట్టు, బంగారు రంగు వీపు ఉంటే అది మన దగ్గర బాగానే కనిపించే రకం.

మీరు విన్నది రెడ్ కాకేడెడ్ వుడ్‌పెకర్ అనే వడ్రంగి పిట్ట గురించి. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల పైన్ అడవుల్లో ఉంటుంది. దానికి బతికున్న ముసలి పైన్ చెట్టే కావాలి, అదీ లోపలి చేవ బూజు పట్టి మెత్తబడింది, అంటే దాదాపు 80 ఏళ్లు దాటింది. అయినా ఒక్క తొర్రకి ఏళ్లు పడుతుంది! పాములు ఎక్కకుండా తొర్ర చుట్టూ గాట్లు పెట్టి జిగురు కారుస్తుంది. ఎదిగిన మగపిల్లలు కొన్ని అమ్మానాన్నల దగ్గరే ఉండిపోయి, తర్వాత పుట్టిన వాటికి మేత తెచ్చి పెడతాయి. అలాంటి ముసలి చెట్లన్నీ కలపకి కొట్టేసరికి 1970లో ఈ పిట్టని అంతరించిపోయే జాబితాలో చేర్చాల్సి వచ్చింది.

1989లో హ్యూగో తుపాను, మనకి తిత్లీ వచ్చినట్టే, సౌత్ కరోలినాలోని ఫ్రాన్సిస్ మారియన్ అడవి మీద పడి తొర్రలున్న చెట్లలో 80 శాతానికి పైగా కూల్చేసింది. మళ్లీ తొలుచుకునేదాకా పిట్టలు ఎక్కడుంటాయి? అందుకే నిలిచిన చెట్లకి రంపంతో గాడి కోసి, చెక్క గూళ్లు అమర్చారు. పిట్టలు వాటిలో చేరాయి. కింద పొదలు ముసరకుండా అదుపులో మంట పెట్టడం కూడా అక్కడ రక్షణలో భాగమే. ఇంత చేస్తే 2024లో ప్రమాద స్థాయి ఒక మెట్టు తగ్గింది.

మీకు అంత శ్రమ అక్కర్లేదు, మాను ఎలాగూ ఉంది. వడ్రంగి పిట్ట వదిలేసిన తొర్రలో గోరింకలు, రామచిలుకలు, చిన్న గుడ్లగూబలు చేరతాయి, అవి మామూలుగా సొంతంగా తొర్ర తొలుచుకోవు. పచ్చిగా ఉన్న వైపు ఇంకా కాయలు కాస్తుంటే అన్నయ్యకి ఆ మాటే చెప్పండి. ఇంటి మీద పడుతుందని టెన్షన్ ఉంటే బరువు కొమ్మలు కొట్టించి మాను ఉంచండి. మొత్తం తీయక తప్పదంటే జూలై దాటనివ్వండి, తొర్రలో పిల్లలు లేవని చూసుకున్నాకే గొడ్డలి పెట్టించండి.